పట్టుపురుగుకు ఉన్న పరీక్ష తేనెటీగకు లేదు

హిందూపురం, మడకశిర వైపు మల్బరీ రైతు కొనే పట్టుపురుగుల గుడ్లు ఒక గండం దాటి వస్తాయి. గుడ్లు పెట్టిన తల్లి రెక్కలపురుగులను గుడ్ల ఉత్పత్తి కేంద్రంలో క్షార ద్రావణం పోసి నూరుతారు. అందులోంచి ఒక చుక్క తీసి సూక్ష్మదర్శిని కింద పెడతారు. మూల విత్తనమైతే ఒక్కో తల్లినీ చూస్తారు, రైతుకు అమ్మే గుడ్లయితే నమూనాగా కొన్నింటిని. అండాకారంలో మెరిసే పెబ్రిన్ రోగపు సిద్ధబీజాలు కనబడితే ఆ గుడ్లు తగలబడాల్సిందే. ఇది ఎంత మామూలు పని అయిపోయిందంటే, పెబ్రిన్ వచ్చి ఊళ్లకు ఊళ్లు పట్టు వదిలేసిన కాలం ఒకటి ఉండేదని కొత్త రైతుకు చెప్పినా నమ్మడు.

పాత అనంతపురం జిల్లాకే చెందిన రాయదుర్గం పడమటి అంచున, కర్ణాటకను ఆనుకుని ఉంది. ఇక్కడికి ఒక లారీ తేనెటీగల పెట్టెలు బళ్లారి నుంచి వచ్చినా, మొలకాల్మూరు మీదుగా చిత్రదుర్గం వైపు పోయినా, ఏ సూక్ష్మదర్శినికీ వాటితో పని పడదు. పెట్టెలో ఈగ ఉందా, రాణి ఉందా అని చూస్తారు. ఈగ కడుపులో ఏముందో అడిగేవాళ్లు లేరు. ఆ కడుపులో ఉండగల నొసీమా, పట్టుపురుగును చంపే పెబ్రిన్‌కు దగ్గరి చుట్టం. రెండూ మైక్రోస్పోరీడియా అనే పరాన్నజీవుల తెగలోవే. చాలాకాలం వీటిని ప్రోటోజోవా అనే ఏకకణ జంతువులన్నారు. జన్యువులు చదవడం మొదలయ్యాక, ఇవి శిలీంధ్రాల కుటుంబానికి చెందినవని, లేదా వాటికి అతి దగ్గరివని తేలింది. ఒకే పీఠభూమి మీద, ఒకే తెగ శత్రువు మీద, ఒక పురుగుకు కోట కట్టాం, మరో పురుగును బయటే వదిలేశాం.

ముందుగా నొసీమా ఏం చేస్తుందో చూడాలి. మిల్లీమీటరులో కొన్ని వేలవ వంతు పొడవుండే సిద్ధబీజం నీళ్లతోనో, తేనెతోనో, గూడు శుభ్రం చేసేటప్పుడో ఈగ నోట్లో పడుతుంది. జీర్ణాశయం చేరాక లోపల చుట్ట చుట్టుకుని ఉన్న సన్నని గొట్టాన్ని ఒక్కసారిగా విసురుతుంది. ఆ గొట్టం పేగు గోడ కణంలో దిగబడుతుంది, సిద్ధబీజంలోని సారమంతా ఆ దారినే కణంలోకి పోతుంది. అక్కడ అది పెరిగి, చీలి, కణాన్ని కొత్త సిద్ధబీజాలతో నింపేస్తుంది. కణం పగిలితే కొన్ని పక్క కణాల్లోకి, కొన్ని మలంతో బయటికి. ఇలా కొన్ని రోజుల్లో ఒక్క ఈగలోనే సిద్ధబీజాలు కోట్లలోకి చేరతాయి. పేగు గోడ పాడైన ఈగకు తిన్నది ఒంటబట్టదు, ఎంత తాగినా ఆకలే. గూట్లో పిల్లల్ని సాకాల్సిన వయసులోనే మేతకు బయల్దేరి, పొలంలోనే ఎక్కడో రాలిపోతుంది.

ఈ చావు ఎవరి కంటా పడదు. పాత రకమైన నొసీమా ఏపిస్‌ను 1909లో జర్మనీలో ఎనోక్ జాండర్ వర్ణించాడు. అది సోకిన గూడు ముందు విరేచనాల మరకలుంటాయి, చలికాలంలో ముదురుతుంది, అనుభవం ఉన్న పెంపకందారు చూసి అనుమానపడతాడు. ఇప్పుడు ప్రపంచమంతా పాకిన నొసీమా సెరానే తరచూ ఆ మరకలు కూడా వదలదు. పెట్టె ముందు ఈగల శవాలు కుప్ప పడవు. రాణి గుడ్లు పెడుతూనే ఉంటుంది, ఫ్రేముల్లో పిల్ల కనిపిస్తూనే ఉంటుంది, పైనున్న ఈగ మాత్రం వారం వారం పల్చబడుతుంది. పెంచేవాళ్లు 'బలం తగ్గింది' అంటారు. ఎండ, మందుల వాసన, పూత లేకపోవడం, లారీ కుదుపులు అంటూ కారణాలు వెతుకుతారు. వాటిలో చాలావరకు నిజమే కూడా. అందుకే అసలు దొంగ దొరకడు.

శిలీంధ్రాలలోనే ఇంకొకటి, అస్కోస్ఫేరా ఏపిస్ వల్ల వచ్చే చాక్‌బ్రూడ్, దీనికి పూర్తిగా విరుద్ధం. లార్వాలు ఎండి సుద్దముక్కల్లా గట్టిపడి పెట్టె అడుగున రాలతాయి, చెయ్యి పెడితే గలగలమంటాయి. సిద్ధబీజాలు పదిహేనేళ్లు దాటినా చావవన్నది నిజమే గానీ, చల్లదనం, తేమ ఉన్నచోటే అది విజృంభిస్తుంది. మన మెట్ట నేలలో దాని ఆట అంతగా సాగదు. కనబడే రోగం కాబట్టి ఫ్రేము తీసి కాల్చేయడానికి పెంపకందారు ఎవరి సలహా కోసమూ ఆగడు. చిక్కంతా కనబడని దానితోనే.

నొసీమా సెరానే ప్రయాణం చదివితే ఈ మాట ఎందుకంటున్నానో తెలుస్తుంది. స్వీడన్ శాస్త్రవేత్త ఇంగెమార్ ఫ్రైస్, సహచరులు 1996లో దీన్ని మొదట వర్ణించారు. వాళ్లకు అది దొరికింది బీజింగ్ దగ్గర, ఆసియా తేనెటీగలో. అంటే మన పుట్టల్లో, చెట్ల తొర్రల్లో ఉండే పుట్టతేనె ఈగ జాతిలోనే. తర్వాత దశాబ్దం గడవకముందే తైవాన్‌లో పెట్టెల్లో పెంచే ఐరోపా ఈగలో బయటపడింది. 2006లో స్పెయిన్‌లోనూ ఉందని మరియానో హిగెస్ బృందం ప్రకటించింది. ఆ తర్వాత ఎక్కడ వెతికితే అక్కడ కనిపించింది. దాచి ఉంచిన పాత ఈగలను మళ్లీ పరీక్షిస్తే, అమెరికాలో 1995 నాటికే ఉందని తేలింది. అంటే దానికి పేరు పెట్టకముందే అది సముద్రం దాటింది. థాయ్‌లాండ్‌లో 2010లో అచ్చయిన పరిశోధన దీన్ని నాలుగు జాతుల ఈగల్లోనూ చూపింది: ఐరోపా ఈగ, పుట్టతేనె ఈగ, కొండతేనె పెద్ద ఈగ, కొమ్మకు అరచేతిమందాన కట్టే చిన్న ఈగ. మనకు ప్రధానంగా ఉన్నవీ ఇవే నాలుగు.

ఈ నేలకు సంబంధించి మరో సంగతి ఉంది. 2009లో వచ్చిన ప్రయోగ ఫలితాల ప్రకారం నొసీమా సెరానే సిద్ధబీజాలు ఆరబెట్టినా, 60 డిగ్రీల వేడిలో ఉంచినా చాలా కాలం చావలేదు. చల్లగా దాచినప్పుడు, గడ్డకట్టించినప్పుడు మాత్రం బలహీనపడ్డాయి. పాత రకానికి చలి అనుకూలం, కొత్త రకానికి వేడి. వేసవిలో నలభై డిగ్రీలు దాటే రాయదుర్గంలో ఎండలు రోగాన్ని కాల్చేస్తాయన్న ధీమా ఇక్కడ పనికిరాదు.

ఇంతకీ ఈ కరవు నేలలో తేనెటీగ గొడవ ఎందుకని అడిగేవాళ్లుంటారు. సగటు వర్షం 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ ఉండే జిల్లా ఇది. రాయదుర్గం పక్కనే వేదవతి ఒడ్డున కణేకల్లు, బొమ్మనహాళ్ మండలాల్లో ఇసుక దిబ్బలు పొలాల మీదికి నడిచొస్తుంటాయి. వేరుశనగ ఈగ మీద ఆధారపడని పంట, తన పువ్వులో తానే ఫలదీకరణం చేసుకుంటుంది. దశాబ్దాల పాటు వేరుశనగ తప్ప మరో పంట కనబడని చోట ఈగ గురించి ఎవరూ ఆలోచించకపోవడంలో వింత లేదు. ఇప్పుడు లెక్క మారింది. బోరు నీళ్లతో, డ్రిప్పుతో జిల్లా పండ్ల తోటల దారి పట్టింది. పుచ్చ, కర్బూజ తీగలకు మగ పువ్వులు విడిగా పూస్తాయి. ఈగ రాకపోతే కాయ లేదు, వచ్చినా సరిపడా రాకపోతే వంకర కాయ. దానిమ్మకు ఈగ తిరిగితే పిందె నిలుస్తుంది. ఉల్లి విత్తనానికీ, పొద్దుతిరుగుడుకూ ఈగే దిక్కు. కందికి కూడా ఈగ మేలు చేస్తుంది. తేనె అమ్మితే వచ్చే డబ్బు కన్నా పొలంలో ఈగ చేసే పని విలువ ఎక్కువన్నది ప్రపంచమంతా ఒప్పుకున్న లెక్క. తోటలు పెరిగేకొద్దీ పెట్టెలు రావాలని రైతే కోరుకుంటాడు. పెట్టెలతో పాటు పెట్టెల్లోనివీ వస్తాయి.

పుప్పొడి మోసుకొచ్చే రోగం ఈ జిల్లాకు కొత్త కాదు. 2000 ఖరీఫ్‌లో వేరుశనగ మొవ్వులు మాడి, కాండాలు నల్లబడి, లక్షల ఎకరాలు ఎండిపోయాయి. టొబాకో స్ట్రీక్ వైరస్ దానికి కారణం. పొలం గట్ల మీది వయ్యారిభామ పుప్పొడిలో ఆ వైరస్ ఉంటే, తామరపురుగులు ఆ పుప్పొడిని పంట మీదికి చేర్చాయి. అదే వైరస్ అంతకుముందే పొద్దుతిరుగుడును కూడా దెబ్బతీసింది. జిల్లాలో పొద్దుతిరుగుడు తగ్గిపోవడానికి ధర ఒక్కటే కారణం కాదు. గట్టు మీది కలుపు మొక్కకూ చేలోని పంటకూ ఉన్న ఆ లంకె రైతులకు అర్థం కావడానికి ఒక పంట పోవాల్సి వచ్చింది.

తేనెటీగల విషయంలో ఆ పాఠం మనకు ముందే ఒకసారి జరిగింది. 1991-92లో థాయ్ శాక్‌బ్రూడ్ అనే వైరస్ రోగం కేరళ, కర్ణాటక, తమిళనాడులలో, తర్వాత మన వైపూ పాకింది. పెట్టెల్లో పెంచే పుట్టతేనె ఈగ కాలనీలు నూటికి తొంభై పైగా పోయాయని అంచనా. దక్షిణాదిలో తరతరాలుగా ఇంటి వెనకాల పెట్టెలు పెట్టుకున్న కుటుంబాలు ఆ రెండు మూడేళ్లలో ఖాళీ పెట్టెలతో మిగిలాయి. ఆ ఖాళీని పూరించడానికే 1960లలో పంజాబ్, హిమాచల్‌లకు తెచ్చిన ఐరోపా ఈగను ఇక్కడికీ తెచ్చారు. దాంతో పూత ఎక్కడుంటే అక్కడికి పెట్టెలు లారీల్లో తిరగడం మామూలైంది. కర్ణాటక పొద్దుతిరుగుడు, కన్యాకుమారి రబ్బరు తోటలు, బీహార్ లిచీ, రాజస్థాన్ ఆవాలు. ఒక పెట్టె ఏడాదిలో ఎన్ని రాష్ట్రాల పూలు చూస్తుందో చెప్పలేం. ఒకే చోట పూత దొరకని కరవు ప్రాంతపు పెంపకందారుకు తిరగడం తప్పదు. తిరగొద్దని చెప్పడం తేలిక, బతికించడం కష్టం.

ఇక్కడ నేను కొంచెం ఆగి ఒక హెచ్చరిక చెప్పుకోవాలి. ఏ కాలనీ పోయినా నొసీమాయే చంపిందనడం కూడా తప్పే. ఇంగ్లండ్ దక్షిణాన ఐల్ ఆఫ్ వైట్ ద్వీపంలో 1904 తర్వాత ఈగలు కుప్పలుగా పోయాయి. 1912 నాటికి శాస్త్రజ్ఞులు నేరం నొసీమా మీద వేశారు. 1921లో శ్వాసనాళాల్లో దూరే పురుగు దొరికింది, నేరం దాని మీదికి మారింది. తర్వాతి తరం పరిశోధకులు వైరస్ వైపు వేలు చూపించారు. ఇప్పుడూ అదే రగడ ఉంది. స్పెయిన్‌లో హిగెస్ బృందం 2008లో నొసీమా సెరానే ఒక్కటే కాలనీని కూల్చగలదని చెప్పింది. జర్మనీలో వెయ్యికి పైగా కాలనీలను నాలుగేళ్లు గమనించి 2010లో ప్రకటించిన ఫలితాల్లో చలికాలపు నష్టాలకు ఈగల ఒంటిని పట్టి బతికే వర్రోవా పురుగుతో గట్టి సంబంధం కనిపించింది, నొసీమాతో కనిపించలేదు. ఎవరిది నిజం? వాతావరణం బట్టి ఇద్దరిదీ కావచ్చు. మన ఎండలు స్పెయిన్‌కు దగ్గర, జర్మనీకి దూరం. అంతకుమించి చెప్పాలంటే మన ఈగలను మనమే చూడాలి.

నొసీమా ఒంటరిగా రావడం అరుదు. 2010లో ఫ్రాన్స్‌లో సెడ్రిక్ అలో బృందం చేసిన ప్రయోగంలో, ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందు, నొసీమా రెండూ కలిసినప్పుడు ఈగలు విడివిడిగా కన్నా ఎక్కువ చచ్చాయి. 2013లో అమెరికాలో, క్లోరోథలోనిల్ అనే తెగుళ్ల మందు ఎక్కువగా ఉన్న పుప్పొడి తిన్న ఈగలకు నొసీమా సోకే అవకాశం పెరిగింది. తెగుళ్ల మందు ఈగను చంపదు కదా, పూత మీద కొట్టినా ఫర్వాలేదని మన తోటల్లో చాలామంది అనుకుంటారు. మచ్చ తెగులు భయంతో దానిమ్మ రైతు వారానికోసారి మందు కొట్టే రోజుల్లో, పక్క తోటకు పుచ్చకాయ కోసం తెచ్చిన పెట్టెలు ఎదురు చూస్తుంటాయి. దీనికి తోడు వేసవి. వేప, కానుగ, చింత పూతలు అయిపోయాక ఆ పెట్టెలు చక్కెర పాకం మీద బతకాలి. పుప్పొడి దొరకదు, ఉన్న ఈగ ఆయుష్షు తగ్గుతుంది. రోగానికి ఇంతకన్నా అనువైన కాలం లేదు.

మందు లేదా? ఫ్యూమాజిలిన్ ఉంది, ఒక శిలీంధ్రం నుంచే తీసిన మందు. అమెరికా, కెనడాలలో దశాబ్దాలుగా వాడారు. ఐరోపా సంఘంలో చాలా దేశాలు వాడనివ్వవు. తేనెలో అవశేషాల బెడద ఒకటి. 2013లో వచ్చిన ఒక పరిశోధనలో, మందు మోతాదు పల్చబడిన దశలో నొసీమా సెరానే తగ్గాల్సింది పోయి మరింత పెరిగింది. మందుల దుకాణం నుంచి పరిష్కారం వస్తుందని ఎదురు చూడడం దండగ. పాత అరలు తీసేసి కొత్త మైనం పెట్టడం, ఖాళీ అరలకు ఎసిటిక్ ఆమ్లం పొగ పట్టించడం, ముసలి రాణిని మార్చడం, బలహీనమైన పెట్టెను బలమైన దానితో కలపకపోవడం వంటి పనులే మిగులుతాయి. ఇవన్నీ పని చేసేది రోగం ఉందని తెలిసినప్పుడే.

పెబ్రిన్ విషయంలో ఫ్రెంచ్ శాస్త్రవేత్త పాశ్చర్ చెప్పింది కూడా ఇదే. ఫ్రాన్స్‌లో 1853లో సుమారు 26 వేల టన్నులున్న పట్టుగూళ్ల దిగుబడి 1865 నాటికి 4 వేల టన్నులకు పడిపోయింది. ఆ ఏడే ఆయన్ని అలేస్ పట్టణానికి పిలిపించారు. పట్టుపురుగును అంతకుముందు చూసి కూడా ఎరగని మనిషి. అయిదేళ్లు తంటాలు పడి ఆయన మందు కనిపెట్టలేదు. తల్లిని నూరి చూడండి, రోగం ఉంటే గుడ్లు కాల్చండి అన్నాడు. కిరికెరలోని రాష్ట్ర పట్టు పరిశోధన సంస్థ నుంచి చిన్న గుడ్ల కేంద్రం వరకు ఈ రోజుకీ నడుస్తున్నది ఆ పద్ధతే. 2006లో కేంద్ర సిల్క్ బోర్డు చట్టాన్ని సవరించి విత్తన నాణ్యతకు చట్టబలం కూడా ఇచ్చారు.

దాన్ని ఉన్నదున్నట్టు తేనెటీగకు అతికించలేం. పెబ్రిన్ తల్లి నుంచి గుడ్డులోకి దిగుతుంది, తల్లిని చూస్తే చాలు. నొసీమా ఈగ నుంచి ఈగకు పోతుంది, రాణిని చూస్తే ఏమీ తెలియదు. అదృష్టం కొద్దీ ఇక్కడ పని ఇంకా తేలిక. మధ్యాహ్నం పెట్టె ద్వారం దగ్గర, మేత నుంచి తిరిగొచ్చే ముదురు ఈగలను ముప్పయ్యో అరవయ్యో పట్టుకోవాలి. వాటి పొట్టలు నీళ్లలో నూరి, గీతల పలక మీద ఒక చుక్క వేసి 400 రెట్ల సూక్ష్మదర్శినిలో లెక్కపెట్టాలి. ఇరవై ముప్పై వేల ఈగలున్న కాలనీకి అరవై ఈగలు లెక్కలోకి రావు. ఉత్తర అమెరికాలో ఈగకు పది లక్షల సిద్ధబీజాలను ప్రమాదపు గీతగా పెట్టుకున్నారు. మన ఎండలకు ఆ గీత ఎక్కడుండాలో కొన్నేళ్లు లెక్కలు రాసుకుంటే గానీ తేలదు. నొసీమా రకం ఏదో చెప్పడానికి జన్యు పరీక్ష కావాలి, అది తర్వాతి మెట్టు. రాయదుర్గానికి దగ్గరలో కళ్యాణదుర్గంలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. అనంతపురం పక్కన రెడ్డిపల్లిలో ఇంకొకటి, రేకులకుంటలో పరిశోధన కేంద్రం ఉన్నాయి. తేనెటీగల మీద అఖిల భారత సమన్వయ పథకంలో రాష్ట్రానికి పాత పశ్చిమ గోదావరి జిల్లా వైపు విజయరాయిలో కేంద్రం ఉంది. పెబ్రిన్ సిద్ధబీజాన్ని గుర్తుపట్టే కళ్లు హిందూపురంలోనే ఉన్నాయి. వాళ్లకు నొసీమా చూపించడానికి ఒక్క పూట చాలు.

ప్రభుత్వం ఈగకు డబ్బు ఇవ్వడం లేదని అనలేం. ఖాదీ కమిషన్ 2017లో హనీ మిషన్ మొదలుపెట్టింది. 2020లో కేంద్రం రూ. 500 కోట్లతో జాతీయ తేనెటీగల పెంపకం, తేనె మిషన్ ప్రకటించింది. అదే ఏడు గుజరాత్‌లోని ఆనంద్‌లో తేనె పరీక్షకు పెద్ద ప్రయోగశాల వచ్చింది. డిసెంబరులో ఢిల్లీలోని సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ కేంద్రం పెద్ద బ్రాండ్లలో చక్కెర పాకం కల్తీని బయటపెట్టాక తేనె పరీక్షల మీద శ్రద్ధ ఇంకా పెరిగింది. తేనెను ఎన్ని విధాల పరీక్షిస్తున్నామో చూస్తే, తేనె చేసే ఈగను ఒక్కసారీ చూడకపోవడం విడ్డూరంగా ఉంటుంది. మిషన్ లెక్కల్లో రోగ నిర్ధారణ కేంద్రాలూ ఉన్నాయి. జిల్లా స్థాయిలో మాత్రం ఎన్ని పెట్టెలు పంచామన్నదే విజయానికి కొలమానం. మరుసటి ఏడాది వాటిలో ఎన్ని బతికున్నాయో అడగరు.

2021 ఏప్రిల్‌లో మొదలైన మధుక్రాంతి పోర్టల్‌లో పెంపకందారులు నమోదు చేసుకుంటున్నారు. దానికి ఒక్క గడి చేరిస్తే చాలు: చివరిసారి ఈగను పరీక్షించిన తేదీ, వచ్చిన లెక్క. సబ్సిడీ పెట్టె ఇచ్చే రోజునే ఆ లెక్క ఉండాలి, సరిహద్దు దాటేముందు మళ్లీ ఉండాలి.

అసలు అడ్డం ఇక్కడే వస్తుంది. పట్టు గుడ్లలో పెబ్రిన్ దొరికితే నష్టం గుడ్ల కేంద్రానిది, రైతు జేబు చిల్లు పడదు. పెట్టెలో నొసీమా దొరికితే నష్టం పెంపకందారుదే. లారీ ఆగిపోతుంది, పూత దాటిపోతుంది, ఏడాది సంపాదన పోతుంది. అలాంటప్పుడు ఈగలను నూరి చూపించమంటే ఎవరు ముందుకొస్తారు? పెట్టె ఆపాల్సి వస్తే ఆ సీజనుకు పరిహారం ఎవరిస్తారో, కాల్చాల్సిన అరలకు కొత్త అరలు ఎన్ని రోజుల్లో ఇస్తారో పరీక్ష నిబంధనతో పాటే రాయాలి. తేనె మిషన్ డబ్బులో దానికి ఎంత కేటాయిస్తారో చెప్పాకే పరీక్ష గురించి పెంపకందారులతో మాట్లాడడం మొదలుపెట్టవచ్చు.